వంశమూలాల డీఎన్‌ఏ పరీక్ష: మేనరికాల ఇళ్లలో ఏది ఎంచుకోవాలి, దేనిని ఎంతవరకు నమ్మాలి

చెన్నై, బెంగళూరు నగరాల్లో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో డీఎన్‌ఏ పరీక్షల ప్రస్తావన ఇప్పుడు తరచుగా వినబడుతోంది. అమెరికాలో ఉంటున్న కొడుకో కూతురో సెలవులకు వస్తూ కిట్ తెచ్చి, ఇంట్లో పెద్దవాళ్ల లాలాజలాన్ని గొట్టంలో పట్టించి, తిరుగు ప్రయాణంలో తీసుకువెళతారు. కొన్ని వారాలకు ఫలితం వస్తుంది. చాలామందికి అందులో దక్షిణ భారతం అన్న మాట తప్ప కొత్త సంగతి ఏమీ కనబడదు. కొందరికి మాత్రం ఎన్నడూ వినని బంధువు పేరో, ఊహించని దేశమో, కన్నతండ్రి విషయంలో ఒక సందేహమో ఎదురవుతుంది. ఆ కొందరిలో తాము ఉండబోమని ముందుగా చెప్పగలవారు ఎవరూ లేరు కనుక, పరీక్షను ఎంచుకునే దశలోనే ఈ అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పరీక్షలను ధరను బట్టి, ప్రకటనను బట్టి పోల్చడం సులభమే గాని, మన కుటుంబాలకు పనికివచ్చే పోలిక అది కాదు. ఈ పరీక్షలు చెప్పే బంధుత్వాలు చాలావరకు దగ్గరి సంబంధాలు చేసుకోని పాశ్చాత్య కుటుంబాల లెక్కల మీద ఆధారపడినవి. మేనమామకో మేనబావకో పిల్లనిచ్చే ఆచారం తరతరాలుగా ఉన్న ఇళ్లలో ఆ లెక్కలు లేని రహస్యాన్ని ఉన్నట్టు చూపగలవు. అందువల్ల వచ్చిన ఫలితాన్ని మనమే తిరిగి సరిచూసుకునే వీలు ఏ పరీక్షలో ఎక్కువగా ఉందో దానినే ఎంచుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఏ ప్రశ్నకు ఏ పరీక్ష

తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చే 22 జతల క్రోమోజోములను చదివేది ఆటోసోమల్ పరీక్ష. మార్కెట్లో వంశమూలాల పేరిట అమ్ముడయ్యే కిట్లలో అత్యధికం ఇవే. ఇందులో రెండు ఫలితాలు వస్తాయి: ఏ ప్రాంతపు మూలాలు ఎంత శాతం అన్న అంచనా ఒకటి, అదే కంపెనీలో పరీక్ష చేయించుకున్న బంధువుల జాబితా రెండవది. నాలుగైదు తరాల లోపలి సంగతులకు ఈ పరీక్ష సరిపోతుంది; అంతకంటే వెనుకకు పోయేకొద్దీ దీని పట్టు సడలుతుంది. ఒకే ముత్తాత మునిమనవలు దాదాపు ఎప్పుడూ ఈ జాబితాలో ఒకరికొకరు కనబడతారు. మరో రెండు తరాలు వెనుక కలిసే బంధువులైతే, నిజంగా బంధువులై ఉండి కూడా, ఇంచుమించు సగం మంది అసలు కనబడరు.

వై క్రోమోజోము పరీక్ష తండ్రి నుంచి కొడుకుకు, కొడుకు నుంచి మనవడికి దాదాపు మార్పు లేకుండా వచ్చే ఒక్క దారినే చూపుతుంది కనుక దీనిని మగవారు మాత్రమే చేయించుకోగలరు. మైటోకాండ్రియా పరీక్ష తల్లి, ఆమె తల్లి, ఆమె తల్లి అన్న ఒక్క దారిని చూపుతుంది; ఇది ఆడవారికీ మగవారికీ వీలవుతుంది. ఈ రెండూ వేల ఏళ్ల వెనుకటి దాకా తీసుకుపోతాయి గాని, ఎనిమిది మంది ముత్తాతలు, తాతమ్మలలో చెరొక్కరి గురించే చెబుతాయి. ‘మా తాతగారు నిజంగా ఫలానా వారి కొడుకేనా’ అని అడిగేవారికి వై పరీక్ష కావాలి. ‘నన్ను దత్తత ఇచ్చిన కుటుంబం ఏది’ అని అడిగేవారికి ఆటోసోమల్ పరీక్ష కావాలి. ప్రశ్న ఏమిటో తేల్చుకోకుండా ధర తక్కువని కొన్న కిట్ చాలా ఇళ్లలో శాతాల పటం చూపి ఊరుకుంటుంది.

మేనరికం లెక్క

ఇద్దరు మనుషుల మధ్య ఎంత డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉందో సెంటీమోర్గాన్ అనే ప్రమాణంతో కొలుస్తారు. తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య అది సుమారు 3,400 నుంచి 3,500 వరకు ఉంటుంది. సొంత తోబుట్టువుల మధ్య సగటున 2,600. తల్లి గాని తండ్రి గాని ఒక్కరే ఉమ్మడి అయిన సవతి తోబుట్టువుల మధ్య సగటున 1,750. ఒకే తాత మనవల మధ్య సగటున 870. ఒకే ముత్తాత మునిమనవల మధ్య సగటున 230. ఇవి సగటులు మాత్రమే. పాశ్చాత్య దేశాల వంశ పరిశోధకులు పోగుచేసిన వేలాది నమోదుల్లో ఒకే తాత మనవల మధ్య సంఖ్య 400 దగ్గర మొదలై 1,400 దాకా పోతుంది. సవతి తోబుట్టువుల సంఖ్య 1,160 దగ్గరే మొదలవుతుంది. అంటే సాధారణ కుటుంబాల్లో కూడా ఈ రెండు బంధుత్వాలూ 1,160 నుంచి 1,400 మధ్య ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. ఒక అబ్బాయి తల్లి తన సొంత మేనమామను పెళ్లి చేసుకుంది. ఆమె చెల్లెలు బంధువు కాని వ్యక్తిని పెళ్లి చేసుకుంది, ఆమెకూ ఒక కొడుకు ఉన్నాడు. ఈ అక్కచెల్లెళ్ల కొడుకులు ఒకే తాత మనవలు కనుక కంపెనీ లెక్క ప్రకారం వారి మధ్య సుమారు 870 సెంటీమోర్గాన్లు ఉండాలి. కాని మొదటి అబ్బాయి తండ్రి రెండో అబ్బాయికి తల్లి మేనమామ కూడా అయినందువల్ల బంధుత్వం రెండు దారుల్లో వస్తుంది. రెండు దారులనూ కలిపి, రెండుసార్లు లెక్కకు వచ్చే భాగాన్ని తీసివేస్తే సగటు దాదాపు 1,200కు చేరుతుంది. ఆ సంఖ్య పైన చెప్పిన అయోమయపు మేరలోకే వచ్చింది. రెండో అబ్బాయి తల్లిదండ్రులు కూడా దగ్గరి బంధువులైతే అది ఇంకా పెరుగుతుంది. కంపెనీ యంత్రానికి ఈ పెళ్లిళ్ల సంగతి తెలియదు. అది ‘సవతి తోబుట్టువు కావచ్చు’ అని రాయగలదు. అన్నదమ్ముల్లా పెరిగిన ఇద్దరు యువకులు ఆ ఒక్క మాట చదివి తల్లుల శీలాన్ని శంకించే పరిస్థితి వస్తే, ఆ ఇంట జరిగే నష్టాన్ని ఏ కంపెనీ తీర్చదు. ఈ ఒక్క కారణం చేత, తెరమీద కనబడే బంధుత్వపు పేరును మన ఇళ్లలో ఎవరూ మొదటి చూపులో నమ్మకూడదని గట్టిగా చెబుతున్నాను.

ఇలాంటి సందేహాన్ని తీర్చడానికి దారులున్నాయి. ఇద్దరూ మగవారైతే వై పరీక్ష చేయించవచ్చు: ఇద్దరి వై వేరువేరు అని తేలితే వారిద్దరి తండ్రి ఒక్కరు కారని తేలినట్టే. ఒకే ఇంటిపేరు గల జ్ఞాతుల్లోకి ఇద్దరు తండ్రులూ వచ్చే ఇళ్లలో మాత్రం వై ఒకటే అయినంత మాత్రాన ఏమీ రుజువు కాదు. ఇద్దరూ ఆడవారైతే ఎక్స్ క్రోమోజోము చూడాలి, ఎందుకంటే ఒకే తండ్రి కూతుళ్లకు అతని ఎక్స్ మొత్తం యథాతథంగా వస్తుంది కనుక ఆ క్రోమోజోము ఈ చివర నుంచి ఆ చివర దాకా కలిసి ఉంటుంది. వీటన్నిటికంటే మంచి పద్ధతి, పై తరంలో బతికి ఉన్న ఒకరిని, ఆ తల్లిని గాని ఆమె చెల్లెలిని గాని, వారి ఇష్టంతో పరీక్షించడం.

దూరపు బంధువుల జాబితాను చదవడంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా పరిశోధకులతో కలిసి 2009లోనూ 2017లోనూ ప్రచురించిన పరిశోధనల్లో, మన దేశంలోని అనేక సముదాయాలు కొద్దిమంది పూర్వికుల నుంచి విస్తరించి, తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని తేలింది. అటువంటి సముదాయంలో పుట్టినవారికి ముక్కూ మొహం తెలియని వందలాది మంది ‘నాలుగో తరపు బంధువులు’గా కనబడతారు. వారితో ఉమ్మడిగా ఉండేవి ఏడెనిమిది సెంటీమోర్గాన్ల చిన్న ముక్కలు. అవి ఎన్నో శతాబ్దాల కిందటివి కావచ్చు. అందుకే మొత్తం సంఖ్య కంటే అన్నిటిలోకి పొడవైన ముక్క ఎంత ఉందన్నదే ముందుగా చూడాలి. మొత్తం 90 ఉండి పొడవైన ముక్క 10 మాత్రమే అయితే అది చాలావరకు సముదాయపు పాత రక్తం. మొత్తం 90లోనే ఒక్క ముక్క 45 ఉంటే ఆ మనిషికి ఉత్తరం రాయడం వృథా పోదు.

తల్లిదండ్రులు దగ్గరి బంధువులైనవారి డీఎన్‌ఏలో రెండు వైపులా ఒకేలా ఉండే పొడవైన భాగాలు వస్తాయి. మేనమామ, మేనకోడళ్ల సంతానంలో అవి సగటున ఎనిమిదో వంతు, మేనత్త మేనమామ పిల్లల సంతానంలో పదహారో వంతు. విదేశీ సాధనాల్లో ‘తల్లిదండ్రులు బంధువులు’ అన్న హెచ్చరిక చూసి అక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలు దిగులుపడతారు. ఆ పిల్లలకు పెద్దలు ఇంటి పెళ్లిళ్ల సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది.

కంపెనీల మధ్య ఎంపిక

పైన చెప్పిన సరిచూపులన్నిటికీ కావలసినది క్రోమోజోముల మీద ఉమ్మడి ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే సాధనం. యాన్సెస్ట్రీ కంపెనీ దగ్గర రెండున్నర కోట్లకు పైగా పరీక్షల నిధి ఉంది, ప్రపంచంలో అదే పెద్దది. కాని ఆ సాధనం అందులో లేదు, ఇతర కంపెనీల ముడి ఫైలును, అంటే పరీక్షలో చదివిన డీఎన్‌ఏ సమాచారమంతా ఉండే ఫైలును, అది స్వీకరించదు. అమెరికాలో దత్తతకు వెళ్లినవారి బంధువులను వెదకడానికి దానికి సాటి లేదు. మేనరికాల ఇంటి చిక్కు విప్పడానికి మాత్రం అది ఒక్కటే చాలదు.

హ్యూస్టన్ నగరంలోని ఫ్యామిలీ ట్రీ డీఎన్‌ఏ 2000 నుంచి పనిచేస్తోంది. ఆటోసోమల్, వై, మైటోకాండ్రియా పరీక్షలు మూడింటినీ లోతుగా చేసేది, ముక్కల సాధనం ఇచ్చేది, బయటి ఫైళ్లను తీసుకునేది కనుక నా సలహాలో మొదటి స్థానం దానిది. దాని బంధువుల నిధి చిన్నది. అమెరికా నేర పరిశోధన సంస్థ ఎఫ్‌బీఐకి ఆ నిధిలో వెదకడానికి వీలిచ్చిందని 2019లో బయటపడింది. ఖాతాలో ఆ వెదుకులాటకు ఒప్పుకోకుండా ఉండే వీలుంది, తెరవగానే అది చూసుకోవాలి. ఇజ్రాయెల్‌లో పుట్టిన మైహెరిటేజ్ ఐరోపా బంధువులకు బలమైనది, ముక్కల సాధనం కూడా ఇస్తుంది. ఆంగ్లో ఇండియన్ మూలాలు ఉండవచ్చని అనుకునేవారికి అది రెండో ఎంపిక.

23అండ్‌మీ గురించి విడిగా చెప్పాలి. వై, మైటోకాండ్రియా శాఖల (ఒకే ప్రాచీన పూర్వికుల నుంచి విడివడిన వంశ వర్గాల) పేర్లు కూడా ఒకే పరీక్షలో చెప్పడం వల్ల మనవారిలో అది బాగా వ్యాపించింది. 2023 అక్టోబరులో సుమారు 14,000 ఖాతాలు దొంగ చేతుల్లో పడగా, బంధువుల జాబితా ద్వారా దాదాపు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. 2025 మార్చిలో కంపెనీ దివాలా రక్షణ కోరింది. ఆ తర్వాత దాని సహ వ్యవస్థాపకురాలు నెలకొల్పిన లాభాపేక్ష లేని సంస్థ దానిని కొనుగోలు చేసింది. ఇంతకు ముందు నేషనల్ జియోగ్రాఫిక్ వారి జీనోగ్రాఫిక్ ప్రాజెక్టు 2005లో మొదలై 2019లో కిట్ల అమ్మకం ఆపివేసింది. ఇచ్చిన లాలాజలం మనకంటే, కొన్నిసార్లు కంపెనీకంటే కూడా ఎక్కువకాలం ఉంటుందని గుర్తుంచుకుని నిర్ణయించాలి. పాస్‌వర్డు వేరే ఎక్కడా వాడనిదై ఉండాలి, రెండో అంచె ధ్రువీకరణ తప్పక పెట్టుకోవాలి.

సాధారణ ఆటోసోమల్ కిట్ ధర అమెరికాలో ఇంచుమించు 80 నుంచి 100 డాలర్లు. వై పరీక్షల్లో అన్నిటికంటే లోతైనది దానికి నాలుగైదు రెట్లు. కనుక ముందు ఆటోసోమల్ చేయించి, అవసరం తేలితేనే వైకి వెళ్లాలి. కొనడానికి ముందు చెన్నైకో బెంగళూరుకో కిట్ పంపుతారా, నమూనాను దేశం దాటించడానికి ఏ కాగితాలు కావాలి అని కంపెనీనే ఉత్తరంతో అడిగి జవాబు దగ్గర పెట్టుకోవాలి.

మన దేశపు కంపెనీల్లో హైదరాబాదులోని మ్యాప్‌మైజీనోమ్ వంటివి ప్రధానంగా ఆరోగ్య నివేదికలకు పేరుపొందాయి. నమూనా ఇవ్వడం ఇక్కడ సులభం. అయితే బంధువుల వెదుకులాట కోరేవారు ‘పోల్చి చూసే నిధి ఉందా, ముడి ఫైలు ఇస్తారా’ అన్న రెండు ప్రశ్నలకు సమాధానం విన్న తరువాతే డబ్బు కట్టాలి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రాంగణంలో ఉన్న మెదడు పరిశోధన కేంద్రం ముందుండి నడిపిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 80కి పైగా సముదాయాల నుంచి సుమారు 10,000 మంది జన్యుక్రమాలను సేకరించి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. అది వ్యక్తుల వంశవృక్షం కోసం కాదు. అయినా విదేశీ కంపెనీల పోలిక పట్టికల్లో మన ప్రాంతాలు పలచగా ఉన్న లోటు తీరాలంటే ఇటువంటి కృషే ఆధారం.

శాతాలను ఎలా చదవాలి

ఊహించని దేశం శాతాల్లో కనబడినప్పుడు దాని పరిమాణమే మొదటి సాక్ష్యం. ముత్తాత ఒకరు ఐరోపా వారైతే సుమారు 12.5 శాతం, ఆయన తండ్రి ఒక్కరే అయితే సుమారు 6 శాతం రావాలి, అదీ క్రోమోజోముల మీద పొడవైన ముక్కలుగా రావాలి. ఒకటి రెండు శాతాల ఇరాన్, మధ్య ఆసియా, ఐరోపా పేర్లను వంశచరిత్రగా భావించనక్కరలేదు. మన పూర్వికుల్లోనే కలిసిపోయిన ప్రాచీన మూలాలను యంత్రం అలా విభజిస్తుంది. 2013లో వెలువడిన మరో పరిశోధన ప్రకారం ఆ కలయిక ఇప్పటికి 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట మన దేశంలో అన్ని వర్గాల్లోనూ జరిగింది.

పెరంబూరు రైల్వే కార్ఖానాల చుట్టూ, బెంగళూరు కంటోన్మెంటులో తెలుగువారూ ఆంగ్లో ఇండియన్లూ తరాల తరబడి ఇరుగుపొరుగుగా బతికారు కనుక అటువంటి మూలం నిజంగా బయటపడే ఇళ్లు ఉంటాయి. అక్కడ శాతం కంటే కాగితం గట్టిది. సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రతిష్ఠితమైంది; మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన జ్ఞానస్నానాలు, వివాహాలు, సమాధుల నమోదులకు ప్రతులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు దస్త్రాల్లో ఉన్నాయి. ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పత్రాగారంలో మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాలు ఉన్నాయి. డీఎన్‌ఏ ఒక దిశను చూపితే ఇవి పేరును, ఊరును చూపుతాయి.

నా దృష్టిలో అన్నిటికంటే సంతోషకరమైన ఊహించని ఫలితం దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీ దేశాల్లో బంధువులు దొరకడం. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తరువాత దశాబ్దాల పాటు కోస్తా, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కూలీ ఒప్పందాల మీద ఎందరో అదే దారిన వెళ్లారు. 1903 నుంచి ఫిజీకి కూడా మద్రాసు నుంచి ఓడలు వెళ్లాయి. డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, కులం రాసి ఉన్నాయి. ‘మా తాతగారి తమ్ముడు ఊరు విడిచి వెళ్లి మళ్లీ రాలేదు’ అన్న మాట మీ ఇంట్లో ఉంటే, ఆటోసోమల్ పరీక్షతోపాటు ఆ జాబితాలు వెదకండి. అక్కడి మునిమనవలు కూడా తమ ఊరి పేరు కోసం వెదుకుతూనే ఉన్నారు, మీ జవాబుకు వారి దగ్గర ఎంతో విలువ ఉంటుంది.

డీఎన్‌ఏలో కులం కనబడుతుందని ఎవరైనా అమ్మజూపితే కొనకండి. వై శాఖలైన ఆర్1ఏ, ఆర్2, హెచ్, ఎల్, మైటోకాండ్రియా శాఖ ఎం, ఇవన్నీ మన దేశంలో ఎన్నో వర్గాల్లో విస్తరించి ఉన్నాయి. శాఖ పేరు చూసి కులం చెప్పడం సాధ్యం కాదు, చెప్పాలనుకోవడం తగదు కూడా.

సముదాయపు మూలం తెలియడం ఉపయోగపడే చోటు వైద్యం. ఆర్యవైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఇతర వర్గాల కంటే ఎంతో ఎక్కువగా కనబడుతుంది; అది ఉన్నవారికి శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించే కొన్ని మందులు ఇస్తే వాటి ప్రభావం ప్రమాదకరంగా ఎక్కువసేపు ఉంటుంది. దత్తతకు వెళ్లినవారికి అటువంటి మూలం బయటపడితే మత్తుమందు ఇచ్చే వైద్యునికి ఆ సంగతి చెప్పాలి. నిర్ధారణ మాత్రం వంశమూలాల కిట్‌తో కాదు, బెంగళూరులోని సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ వంటి చోట జన్యు సలహా తీసుకుని ఆసుపత్రి పరీక్షతో చేసుకోవాలి.

ఇంటిపేరు, దత్తత, న్యాయస్థానం

ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం గల ఇద్దరికి వై వేరుగా వచ్చినప్పుడు మొదటగా తలచవలసినది వ్యభిచారం కాదు. సంతానం లేని ఇంటికి దత్తత వచ్చిన బాలుడు, ఇల్లరికపు అల్లుడి పిల్లలకు అత్తింటి ఇంటిపేరు రావడం, చిన్నతనంలో తల్లిదండ్రులు పోతే మేనమామ ఇంట పెరిగి ఆ ఇంటిపేరే నిలవడం, ఇవన్నీ మన పల్లెల్లో మామూలుగా జరిగినవే. అయిదారు తరాల కింద జరిగిన దత్తతను ఇప్పటివారు మరచిపోయి ఉంటారు, వై మరచిపోదు. ఆ తరం పొలం పత్రాలు, దత్తత పత్రాలు చూడటం ముందుగా చేయవలసిన పని.

ఆస్తి గాని మనోవర్తి గాని చిక్కులో ఉన్నవారికి ఇంటి కిట్లు పనికిరావు. న్యాయస్థానంలో చెల్లాలంటే నమూనా ఎవరిదో, ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో రుజువుతో నమోదు కావాలి. హైదరాబాదులోని డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం సీడీఎఫ్‌డీ, చెన్నై మైలాపూరులోని, బెంగళూరు మడివాళలోని ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలు అటువంటి పనికి ఏర్పడినవి. వివాహబంధం ఉండగా పుట్టిన బిడ్డ ఆ దంపతుల బిడ్డేనన్న నిశ్చయాన్ని భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షను కాపాడుతుంది. 1872 నాటి చట్టంలో ఇది 112వ సెక్షను. భార్యాభర్తలు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప అది తొలగదు. బిడ్డల మీద డీఎన్‌ఏ పరీక్షను మామూలు వ్యవహారంగా ఆదేశించకూడదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. దత్తత బిడ్డకు కూడా 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పెంచినవారే తల్లిదండ్రులు. కనుక కిట్ ఫలితం చూసి హక్కులు పోతాయని భయపడవలసిన పని లేదు.

దత్తత సంస్థల ద్వారా వెళ్లినవారు కిట్ కొనడానికి ముందే అధికారిక మార్గం చూడటం మేలు. మన దత్తత నిబంధనల్లో మూలాల అన్వేషణకు చోటుంది: పద్దెనిమిదేళ్లు నిండినవారు స్వయంగా, అంతకంటే చిన్నవారు పెంపుడు తల్లిదండ్రులతో కలిసి అడగవచ్చు; మూడో వ్యక్తి ద్వారా అడగడం కుదరదు. కన్నవారు తమ పేరు గోప్యంగా ఉంచమని కోరి ఉంటే వారి అంగీకారం తీసుకుంటారు. ఆ మార్గంలో కన్నతల్లి ఇష్టానిష్టాలను ఒకరు అడుగుతారు. డీఎన్‌ఏ జాబితా ఎవరినీ అడగదు, ఆమె చెల్లెలి కూతురి తెర మీద నేరుగా కనబడుతుంది. పెళ్లి కాకముందు బిడ్డను ఇచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా జీవించిన స్త్రీ మన సమాజంలో ఎంత భారం మోస్తుందో తెలిసినవారు మొదటి మార్గాన్నే ముందు ప్రయత్నిస్తారు.

ఎవరి నమూనా, ఎవరి అనుమతి

ఒకే ఒక్క కిట్ కొనగలిగితే అది ఇంట్లో అందరికంటే పెద్ద తరం వారికి కొనాలి. వారి డీఎన్‌ఏలో ఉన్నది ఒక్కో తరం దిగేకొద్దీ సగమే మిగులుతుంది. తాతగారు లేకపోతే ఆయన తమ్ముడు వై విషయంలో ఆయనకు పూర్తిగా ప్రత్యామ్నాయం. తండ్రి లేనివారికి మేనత్త ఆటోసోమల్ ఫలితం ఎంతో ఉపకరిస్తుంది. అయితే ‘ఇందులో ఉమ్మండి’ అని గొట్టం చేతికివ్వడం అనుమతి తీసుకోవడం కాదు. ఆ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏమేమి బయటపడే అవకాశం ఉందో, కావాలంటే ఫలితం తమకు చెప్పకుండా ఉంచమని వారు కోరవచ్చునో, తెలుగులో నిదానంగా వివరించాలి. ఎనభై ఏళ్ల అమ్మమ్మ వద్దంటే ఆ మాటతో సంగతి ముగియాలి. ఆమె వద్దనడానికి కారణం మనకు తెలియనిది కావచ్చు, తెలుసుకునే హక్కు లేనిదీ కావచ్చు.

పరీక్ష వద్దనుకోవడం కూడా పూర్తి స్థాయి ఎంపికే. పెళ్లి సంబంధాలు నడుస్తున్న ఇంట్లో, ఆస్తి పంపకం జరుగుతున్న ఏడాదిలో, తండ్రి పోయి దుఃఖం ఆరని రోజుల్లో వాయిదా వేయడమే మంచిదని నేను సలహా ఇస్తాను.

ఊహించని ఫలితం వచ్చినప్పుడు ముందుగా ఎవరికీ ఫోన్ చేయకుండా ముడి ఫైలును దింపుకుని భద్రపరచాలి. దానిని ముక్కల సాధనం ఉన్న మరో చోట ఎక్కించి పొడవైన ముక్కను, ఎక్స్ క్రోమోజోమును చూడాలి. ఇంట్లో జరిగిన మేనరికపు పెళ్లిళ్లన్నీ కాగితం మీద గీసి లెక్క సరిపోతుందేమో చూడాలి. అప్పటికీ సందేహం నిలిస్తే రెండో కంపెనీలో కొత్త నమూనాతో పరీక్ష చేయించాలి, ఎందుకంటే ఒకే ఇంట్లో ఇద్దరి గొట్టాలు తారుమారు కావడం జరగరానిదేమీ కాదు. ఇవన్నీ దాటి నిజమని తేలినప్పుడు, ఆ సంగతి ఎవరి జీవితానికి చెందినదో వారితో ముందుగా, ఒంటరిగా, ముఖాముఖి మాట్లాడాలి. తల్లి బతికి ఉంటే ఆమెతో మాట్లాడకముందు తోబుట్టువులకు గాని, కుటుంబ వాట్సాప్ సమూహంలో గాని ఒక్క మాట కూడా పోకూడదు. జాబితాలో కొత్తగా కనబడిన వ్యక్తికి రాసే మొదటి ఉత్తరంలో తండ్రి, తల్లి అన్న పదాలు వాడకుండా, మన పూర్వికుల ఊరు, జిల్లా, ఇంటిపేర్లు మాత్రమే రాసి, ఆసక్తి ఉంటే జవాబు ఇవ్వమని కోరాలి. జవాబు రాకపోతే రెండోసారి రాయవచ్చు. మూడోసారి రాయకూడదు.

కంపెనీలో ఖాతా కొనసాగించాలా తొలగించాలా అన్నది చివర మిగిలే ప్రశ్న. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జన్యు సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూడలేదు; కనుక రక్షణను మనమే సమకూర్చుకోవాలి. బంధువులు దొరకడానికి ఇంకా సమయం పడుతుందని భావిస్తే అసలు పేరుకు బదులు పొడి అక్షరాలతో ఖాతా ఉంచి, పరిశోధనకు ఇచ్చిన అంగీకారాన్ని విడిగా చూసుకుని వద్దనుకుంటే తీసివేయవచ్చు. ముగించదలిస్తే రెండు అభ్యర్థనలు వేరువేరుగా పంపాలి: సమాచారం చెరిపివేయమని ఒకటి, నిల్వలో ఉన్న లాలాజలపు నమూనాను నాశనం చేయమని ఇంకొకటి. మొదటిది చేసినంత మాత్రాన రెండోది జరిగిందని అనుకోకుండా, రెండింటికీ లిఖితపూర్వకమైన జవాబు వచ్చేదాకా అడగాలి.